నడుమ చూసి తిప్పమన్న సారు

మా కంప్యూటర్ సారు పోయారని మొన్న కాజీపేట నుంచి క్లాస్‌మేట్ ఫోన్ చేసి చెప్పింది. వయసు మీద పడ్డ మనిషే. అయినా నాకు ముందు కోపమే వచ్చింది. క్లాసు మధ్యలో చాయ్‌కి వెళ్లినా బోర్డు మీద రాసి వెళ్లే మనిషి, ఇలా చెప్పకుండా పోవడమేమిటి?

ఎనభైల్లో వరంగల్‌లోని మా కాలేజీకి కంప్యూటర్లు కొత్త. మీరు నమ్మరు గానీ, చెప్పులు బయట విడిచి, దేవుడి గదిలోకి వెళ్లినట్టు వెళ్లేవాళ్లం. "దండం పెట్టకుండ్రి, పని చెప్పుండ్రి" అనేవారు సారు.

తెర మీద బొమ్మను తిప్పడం మా ఆఖరి ప్రాక్టికల్. మాది కాశిబుగ్గలో జంపఖానాలు నేసే ఇల్లు. నాయిన నేసే పువ్వునే చుక్కలుగా ఎక్కించాను. కానీ మగ్గం దగ్గర చేతులు తక్కువై నాయిన అప్పటికే "ఆ డబ్బాతోటి ఏమొస్తది బిడ్డా, ఇగ ఇంట్ల ఉండు" అంటున్నాడు. ఏడుస్తూ సారుకు చెప్పాను.

"ఫికర్ చెయ్యకు. ప్రాక్టికల్ నాడు జర నాయిన్ను తోల్కరా" అన్నారు.

తీరా ప్రాక్టికల్‌కు ముందు తిప్పి చూస్తే పువ్వు తెర దాటి పోయింది. మళ్లీ రాశాను, మళ్లీ పోయింది. సారు నా ప్రోగ్రాం చూసి నవ్వారు.

"తెర మూల నుంచి లెక్కపెట్టినవ్ గదా?"

నిజమే. మా ఇంట్లో దారాలన్నీ అంచు నుంచే లెక్కిస్తారు. నాకు ఇంకో తీరు తెలియదు.

"నేతకు అంచు, తిప్పుడుకు నడుమ. ఇసుర్రాయి కీల అంచుకు కొడ్తరా ఎవలన్న? మిషను తెర మూల సుట్టే తిప్పుతది, గందుకె ముందుగాల పువ్వు నడుమను ఆ మూలకు గుంజుకరా. తిప్పు. మళ్ల ఎక్కడిదక్కడ పెట్టు."

ప్రాక్టికల్ నాడు నాయిన వచ్చి గోడకు ఆనుకుని నిలబడ్డాడు. సారు తన కుర్చీ తెచ్చి వేశారు.

"కూసో అన్నా. మీ పువ్వే."

మీట నొక్కాను. ఆ కాలపు మిషను మెల్లగా గీస్తుంది. పాత పువ్వు చెరిగిపోయింది. అదే చోట, పక్కకు ఒరిగిన పువ్వు చుక్కచుక్కగా లేచింది.

నాయిన కుర్చీలో ముందుకు వంగి చూశాడు. తర్వాత, "గిట్ల ఒరగేసి నేస్తె ఎట్లుంటదో సూద్దామని ఎప్పటిసందో ఉండె సారూ. నేసి ఇప్పాలంటె మనసొప్పలె" అన్నాడు.

"నన్నెందుకు అడుగుతవ్? మీ బిడ్డనడుగు."

నాయిన నా వైపు తిరిగాడు. "ఇంకింత ఒరగెయ్యి బిడ్డా."

చదువు మాన్పించే మాట ఇంట్లో మళ్లీ లేవలేదు. ఈ బతుకు సారు పెట్టిందే. ఆయన్ను తలుచుకుంటే నాకు అదే కనిపిస్తుంది: ముందుకు వంగి కూర్చున్న నాయిన, కుర్చీ వీపు మీద చెయ్యి వేసి వెనక నిలబడ్డ సారు, తెర మీద ఇంకా సగమే లేచిన పువ్వు.