ఇరవయ్యైదు డిగ్రీల మాట

మా తాతయ్య సిక్స్‌టెన్ ముప్ఫై ఒక్క వేసవుల పాటు మా ఊరి పిల్లలకు ఈత నేర్పాడు. చలికాలమంతా రోడ్ల మీద మంచు తోసే బండి నడిపేవాడు. జూన్ నెల రాగానే పొడవాటి కర్ర ఒకటి పట్టుకుని సరస్సులోని చెక్క రేవు మీద నిలబడేవాడు. "గడ్డం పైకెత్తు! కాళ్లు కప్పలా! నువ్వొచ్చింది ఈదడానికా, నీళ్లు తాగడానికా?" అని ఆయన అరిస్తే, అవతలి ఒడ్డున మేసే ఆవులు కూడా గడ్డాలు పైకెత్తేవని అమ్మమ్మ అంటుంది. నేను చదువు మధ్యలో మానేసి టైర్ల షాపులో చేరినదాన్ని. మొదటిసారికే పాసైన పరీక్ష నా జన్మలో ఒక్కటే ఉంది, అది తాతయ్య పెట్టిన ఈత పరీక్ష.

అంత నేర్పిన మనిషి తను మాత్రం మోకాలు దాటి తడిసేవాడు కాదు. అందుకు ఆయనకో నియమం ఉండేది. రేవు చివర మేకుకి దారంతో కట్టిన థర్మామీటర్ ఒకటి ఎప్పుడూ నీళ్లలో వేలాడుతుండేది. మా వైపు వేసవిలో ఇద్దరు ఎదురుపడితే ఒంట్లో ఎలా ఉందని అడగరు, నీళ్లెంత ఉన్నాయని అడుగుతారు. తాతయ్య రోజూ ఆ దారం లాగి, కళ్లద్దాలు నుదుటి మీదకి తోసి, అంకె చూసి తల అడ్డంగా ఊపేవాడు. "పద్దెనిమిది. ఇరవయ్యైదు రానీ, అప్పుడు దిగుతా. అంతకు తక్కువ నీళ్లు పిల్లలకీ బాతులకీ." మా సరస్సు ఎంత మండుటెండలోనూ ఇరవై రెండు దాటిన పాపాన పోలేదు. అందుకని ఎవరికీ అనుమానం రాలేదు.

పోయిన వేసవిలో మా పిన్ని కూతురు ఎల్వీరా ఆయన్ని రేవు మీద పట్టుకుంది. దానికి ఆరేళ్లు, పై పళ్లు రెండు లేవు.

"తాతయ్యా, ఇరవయ్యైదొస్తే నాతో ఆ నీళ్ల మధ్య తెప్ప దాకా ఈదుతావా?"

"ఓ, ఈదుతా."

"ఉత్తినే అంటున్నావు."

"ఉత్తినే కాదే. ఇదిగో చెయ్యి."

ఇద్దరూ చెయ్యి కలిపారు. తాతయ్య చెయ్యి కలిపాడంటే ఇక అది రాసిచ్చినట్టే. వానొచ్చినా మంచొచ్చినా ఆ మాట తప్పడు. ఆ పేరు ఆయనకు ఊరంతా ఉంది.

జనవరిలో అమ్మా పిన్నీ కలిసి, అమ్మమ్మ డెబ్బయ్యో పుట్టినరోజుకి అందరం తాయ్‌లాండ్‌లో కో లాంటా దీవికి రెండు వారాలు వెళ్తున్నామని చెప్పారు. అమ్మమ్మ చప్పట్లు కొట్టింది. తాతయ్య కాఫీ సాసర్లోకి ఒలికింది.

"అక్కడ సముద్రం ఎంత ఉంటుందో?" అన్నాడు నెమ్మదిగా.

"ఇరవై తొమ్మిది, నాన్నా! వేణ్నీళ్ల తొట్టిలో కూర్చున్నట్టే!" అంది పిన్ని.

"తాతయ్యా! ఇరవై తొమ్మిదట!" అని ఎల్వీరా బల్ల కింద నుంచి గంతేసింది. తాతయ్య కోటు వేసుకుని మంచు ఎత్తిపోయడానికి బయటికి వెళ్లాడు. మా వాకిలి పొద్దున్నే శుభ్రం చేశాడు కాబట్టి, పక్కింటివాళ్ల వాకిలి ఎత్తిపోసి వచ్చాడు.

కో లాంటాలో దిగితే, మాలాగే చలి తప్పించుకొచ్చిన జనంతో సగం తీరం మా వైపు యాసలోనే మాట్లాడుతోంది. తాతయ్య ఇంటి నుంచి సొంత థర్మామీటర్ తెచ్చుకున్నాడు. పడక కుర్చీ కాలికి దారం కట్టి అలల్లోకి వదిలాడు. ఇరవై తొమ్మిది. విదిలించి మళ్లీ వదిలాడు. మళ్లీ ఇరవై తొమ్మిదే.

"విమానంలో కుదుపులకి పాడైపోయింది" అని తేల్చాడు. "రేపు చూద్దాం."

మర్నాడు ఆ థర్మామీటర్ కొబ్బరి బోండాల కొట్టువాడి ఐసు బకెట్‌లో దొరికింది. కనిపెట్టింది ఎల్వీరా. దాన్ని రెండు వేళ్లతో పైకెత్తి, "తాతయ్యా, సముద్రం ఇక్కడ లేదు, అటుంది" అని చెయ్యి చూపించింది.

అప్పుడాయనకు ఇంకో నియమం గుర్తొచ్చింది. తిన్నాక గంట దాకా నీళ్లలో దిగకూడదు. మా రేవు దగ్గర బోర్డు మీద ఆయనే స్వయంగా రాసిన నియమం. ఇక అక్కణ్ణుంచి మొదలెట్టాడు తినడం. తొమ్మిదింటికి అరటిపండు అట్టు. పదికి అయిదు నిమిషాలు తక్కువ ఉండగా కొబ్బరిపాల అన్నంతో మామిడిపండు. ఇంకో గంట పూర్తవబోతుంటే వేయించిన నూడుల్స్. హోటల్లో వడ్డించే వాన్‌పెన్ అనే ఆవిడ ఈయన అడగక ముందే గడియారం చూసి పళ్లెం తెచ్చేది. ఎల్వీరా ఈత బట్టలతో పక్కనే ఇసుకలో కూర్చుని గంట అవడం కోసం చూసేది. మూడో రోజుకి తాతయ్య చొక్కా కింది బొత్తాం పెట్టుకోవడం మానేశాడు.

"సిక్స్‌టెన్, నువ్వు సెలవుకొచ్చావా, క్రిస్మస్ విందుకి మేపే పందితో పోటీకొచ్చావా?" అంది అమ్మమ్మ.

"ఈ దేశం వంట మీద గౌరవం" అన్నాడు తాతయ్య నిండు నోటితో.

అలా రెండు వారాలూ నెగ్గుకొచ్చేవాడేమో. కానీ సోమవారం నాడు తీరం ఆ చివర నుంచి "మాస్టారూ!" అని ఒక కేక వినిపించింది. చూస్తే బేరిట్, మా పక్క ఊళ్లో పళ్ల డాక్టరు. చిన్నప్పుడు తాతయ్య కర్ర పట్టుకుని ఈత నేర్చుకున్న పిల్లల్లో ఆవిడొకతి. ఇప్పుడు యాభై ఉంటాయి.

"మిమ్మల్ని ఇక్కడ చూస్తాననుకోలేదు మాస్టారూ! ఈ హోటల్లోనే మీ శిష్యులం నలుగురం ఉన్నాం, తెలుసా? గురువారం పదింటికి అందరం కలిసి సముద్రంలో తేలే ఆ పసుపుపచ్చ తెప్ప దాకా ఈదుదాం. ముందు మీరు, వెనక మేం. ఫోటో తీసి మన ఊరి పేపరుకి పంపుతా. కాదంటే ఊరుకోను."

తాతయ్య ఫోర్కు మీది మామిడి ముక్క ఇసుకలో పడింది. "నాతో కూడా!" అని ఎల్వీరా ఎగిరింది. "నాకు మాటిచ్చాడు, చెయ్యి కలిపాడు!"

ఆ మధ్యాహ్నం తాతయ్య కోసం వెతుకుతుంటే మా గదుల వెనక కనిపించాడు. ఒక సన్నటి బెంచీ మీద బోర్లా పడుకుని చేతులూ కాళ్లూ ఆడిస్తున్నాడు. చేతులు ముందుకు, పక్కలకు, గుండెల దగ్గరికి, కాళ్లు కప్పలా. ఎక్కడా వంక పెట్టడానికి లేదు.

"తాతయ్యా, నీళ్లు అటువైపు" అన్నాను.

ఆయన లేచి కూర్చుని కాలి బొటనవేలు చూసుకున్నాడు. "తూవా, ఎవరికైనా చెప్పావంటే నీ చెవి మెలిపెడతా."

ఆయన చిన్నప్పుడు మా వైపు ఈత చలికాలంలో నేర్పేవారట. సరస్సు గడ్డకట్టి ఉంటుంది కదా. అందుకని బడి వ్యాయామశాలలో పిల్లలందర్నీ బెంచీల మీద బోర్లా పడుకోబెట్టి పొడి ఈత నేర్పేవారు. అందులో తాతయ్య ఫస్టు. మాస్టారు ఈయన్ని మధ్యలో పడుకోబెట్టి, చూసి నేర్చుకోండని మిగతా పిల్లలకు చూపించేవాడట. జూన్‌లో సరస్సులో పరీక్ష పెట్టిన రోజున ఈయనకు గవదబిళ్లలు. బెంచీ మీద అంత బాగా చేసినవాడికి మళ్లీ పరీక్ష ఎందుకని పాసు చేసేశారు. పందొమ్మిదేళ్లకి అదే పేరు మీద రేవు పని ఇచ్చారు.

"మొదటి ఏడాదే చెబుదామనుకున్నా" అన్నాడు. "చెప్పలేదు. రెండో ఏడాది ఎలా చెప్తాం, పోయినేడు ఎందుకు చెప్పలేదంటారు. ఇంక ముప్ఫై ఏళ్లయ్యాక…" గొంతు తగ్గించాడు. "పేపరు పోతే పోనీ. పిల్లకి చెయ్యి కలిపాను కదే."

నేను నవ్వీ నవ్వీ ఇసుకలో కూలబడ్డాను. ఆయన చెవులు ఎర్రబడటం చూశాక నవ్వు ఆగిపోయింది.

"రేపు పొద్దున్న ఆరింటికి హోటల్ ఈత కొలను దగ్గరికి రా" అన్నాను. "ఏమీ తినకుండా."

ఆ వేళకి కొలను దగ్గర నేల తుడుస్తున్న వాన్‌పెన్ తప్ప ఎవరూ లేరు. తాతయ్య మెట్లు దిగి, చేతులు చాచి, శాస్త్రప్రకారం మొదటి బార వేసి, నేరుగా అడుక్కి వెళ్లిపోయాడు. నేను చంకలో చెయ్యేసి లాగాను.

"నువ్వు సరిగ్గా చెప్పడం లేదు" అన్నాడు దగ్గుతూ.

"నువ్వు నాకు నేర్పిందే చెప్తున్నా."

"అయితే నీకు నేర్పినవాడికి బుద్ధి లేదు."

"ఊపిరి వదలకు. పొట్ట నిండా గాలి పట్టు."

"పొట్టలో చోటెక్కడుంది, మూడు రోజుల నూడుల్సున్నాయి!"

రెండో రోజు మూడు బారలు వేశాడు. నాలుగోదానికి మునిగాడు. వాన్‌పెన్ తుడుపుకర్ర పక్కన పెట్టి, వెల్లకిలా పడుకోమని చేత్తో సైగ చేసి చూపించింది. పడుకుంటే తేలాడు. తేలుతున్నానని తెలియగానే భయపడి మళ్లీ మునిగాడు. తెప్ప ఒడ్డుకి నలభై మీటర్ల దూరంలో ఉంది. మూడు బారలతో చేరే దూరం కాదు.

గురువారం పొద్దున్న నా తలుపు కొట్టి, "నాకు జ్వరమని చెప్పు" అన్నాడు. నేను సరేననేలోపు ఎల్వీరా పరిగెత్తుకొచ్చి ఆయన చిటికెన వేలు పట్టుకుంది. ఇంక జ్వరం మాట ఎత్తలేదు. వేలు పట్టుకుని నడిచి వెళ్లాడు.

బేరిట్, ఆవిడతో మిగతా ముగ్గురూ నడుం లోతు నీళ్లలో నిలబడి చప్పట్లు కొడుతున్నారు. అమ్మ కెమెరా పట్టుకుంది. తాతయ్య మోకాలు దాటాడు. నడుం దాకా వెళ్లాడు. అక్కడ ఆగి అందరి వైపూ తిరిగాడు.

"నాకు ఈత రాదు" అన్నాడు.

ఒక అల వచ్చి వెళ్లిపోయింది.

"మరి నాకు నేర్పిందెవరు?" అంది బేరిట్.

"నేనే."

"మీకు రాకుండానే?"

"నీకొచ్చింది కదా!"

ముందు బేరిట్ పగలబడి నవ్వింది, ఆ తర్వాత అందరూ. తాతయ్య మాత్రం వాళ్లను చూడలేదు. ఎల్వీరానే చూస్తున్నాడు. అది కనుబొమలు ముడిచి లెక్క వేసుకుంటోంది.

"అంటే నువ్వు నాకంటే వెనకా?"

"చాలా వెనక, అమ్మడూ. మాటిచ్చి ఉండాల్సింది కాదు."

"చెయ్యి కలిపావు కదా" అంది అది. "ఇవాళే అని చెప్పలేదు. పడుకో, నేను గడ్డం పట్టుకుంటా."

బేరిట్‌నీ మిగతావాళ్లనీ, నన్నూ నాలుగేసి అడుగుల దూరంలో వరసగా నిలబెట్టింది. తాతయ్య ఒకరి దగ్గర నుంచి ఇంకొకరి దగ్గరికి వెళ్లాలి. నలుగురు శిష్యులూ ఒకేసారి నాలుగు రకాలుగా అరవడం మొదలెట్టారు. చిన్నప్పుడు ఆయన దగ్గర తిన్న కేకలన్నీ ఆ పొద్దున్నే తిరిగిచ్చేశారు. వరస మొదట ఉన్న బేరిట్ నుంచి చివరనున్న నా దాకా మొత్తం పదకొండు బారలు వేశాడు. నేను లెక్కపెట్టాను. నా భుజం పట్టుకుని లేచి, ముక్కులోంచి నీళ్లు కారుతుండగా, "ఇంత ఉప్పు ఎవడేశాడు ఇందులో?" అన్నాడు.

ఒడ్డున అమ్మమ్మ పడక కుర్చీలో కదలకుండా కూర్చుని ఉంది. "నలభై ఏడేళ్లయింది పెళ్లై" అంది అమ్మతో. "పడవ కొంచెం ఊగితే చాలు, నా మోచెయ్యి కమిలిపోయేలా పట్టుకుంటాడు. నాకు తెలీదనుకున్నాడు పాపం."

పేపరుకి ఫోటో వెళ్లలేదు. బేరిట్ అడిగితే తాతయ్య, "తెప్ప చేరలేదు కదా, ఇంకేం ఫోటో" అన్నాడు. కానీ ఆ రోజు నుంచి ఆయన్ని నీళ్లలోంచి లాగడం మా వల్ల కాలేదు. తిండికి కూడా పిలిస్తే గానీ వచ్చేవాడు కాదు. వాన్‌పెన్ గడియారం చూసుకుంటూ పళ్లెం చేతిలో పట్టుకుని ఒడ్డున నిలబడేది.

తిరుగు ప్రయాణం రోజు పొద్దున్న ఎల్వీరా ఒక పక్క, నేనొక పక్క ఉండగా తెప్పకి బయల్దేరాడు. మధ్యలో రెండుసార్లు వెల్లకిలా తేలి అలుపు తీర్చుకున్నాడు, ఒకసారి నన్ను తిట్టాడు. చివరికి తెప్ప అంచు పట్టుకున్నాడు. ఎల్వీరా పైకెక్కి ఆయన చెయ్యి లాగింది. ముగ్గురం కాళ్లు నీళ్లలో వేలాడేసి కూర్చున్నాం. ఆయన ఎల్వీరా చెయ్యి ఇంకా వదల్లేదు.

ఒడ్డున విమానాశ్రయం బస్సు వచ్చి హారన్ కొట్టింది. అమ్మమ్మ తాతయ్య ప్యాంటు చేత్తో ఊపుతూ అరుస్తోంది.

"తాతయ్యా, వెళ్దామా?" అన్నాను.

ఆయన వెనక్కి ఈదాల్సిన దూరం ఒకసారి చూశాడు. తర్వాత తెప్ప మీద ఇంకాస్త సర్దుకుని కూర్చున్నాడు.

"అయిదు నిమిషాలాగు" అన్నాడు. "పెళ్లయ్యాక మీ అమ్మమ్మ గొంతు ఇంత చిన్నగా వినపడటం ఇదే మొదటిసారి."