ఆదివారాల తాడు

మండవల్లి దాటాక కొల్లేటి ఒడ్డున ఒక ఊళ్లో మణెమ్మ వలలు అల్లేది. భర్త యోసేపు పడవ వేసుకుని చేపలకు పోతే, ఆమె వాకిట్లో కూర్చుని, నోటితో కబుర్లు చెబుతూ, కళ్లతో దారిన పోయేవాళ్లను చూస్తూ, చేత్తో ముడులు వేసుకుంటూ పోయేది. ఏలూరు నుంచి కూడా ఆమె వలల కోసం వచ్చేవారు. చదువు లేదు. సంతకం అడిగితే బొటనవేలు చూపించేది.

1930 అక్టోబరులో, ఏడో నెల నిండీ నిండకుండానే ఆమెకు ఆడపిల్ల పుట్టింది. చేటలో పడుకోబెడితే ఇంకా ఇద్దరు పిల్లలకు చోటు మిగిలిందట. యోసేపు తొంగిచూసి, "దీనికంటే పెద్ద కొర్రమీనుని నిన్ననే పట్టానే!" అని చేట పక్కనే కూలబడి ఏడ్చాడట.

మంత్రసాని యేసమ్మ అతణ్ణి కసిరింది. "ఊరుకోవయ్యా! ఇది క్రిస్మస్‌కి రావలసిన పిల్ల. తొందరపడి వచ్చేసింది. ఇదిగో మణెమ్మా, క్రిస్మస్ దాకా నీ కడుపులోనే ఉందనుకో. అప్పుడే పుట్టిందనుకో" అంది.

మణెమ్మ ఆ మాటను గట్టిగా పట్టుకుంది. పిల్లను దూదిలో చుట్టి, గుండెలకు ఆనించి గుడ్డతో కట్టుకుని, రెండు నెలలూ అలాగే కూర్చుని వలలు అల్లింది. పాలు వత్తితో చుక్క చుక్కగా పట్టింది. క్రిస్మస్ నాడు గుడ్డ విప్పి, వరమ్మ అని పేరు పెట్టింది. ఊరు మాత్రం గుప్పెడమ్మ అని పిలిచింది.

ఇక నేను చేసిన ఘనకార్యం చెప్పాలి. తాడేపల్లిగూడెం నుంచి ఆ ఊరి బడికి పంతులుగా వెళ్లినవాణ్ణి నేనే. పిల్లల వయసుకు కాగితాలుండేవి కావు గనక మాకొక పరీక్ష ఉండేది. కుడిచెయ్యి నడినెత్తి మీదుగా పోనిచ్చి ఎడమ చెవి పట్టుకోవాలి. చెవి అందితే చేరిక, అందకపోతే ఇంటికి. రెండేళ్లు వరుసగా వరమ్మకు చెవి అందలేదు, రెండేళ్లూ నేను పంపేశాను. మూడోసారి, 1938 జూన్‌లో, మణెమ్మ మళ్లీ తీసుకొచ్చింది. ఏడున్నరేళ్ల పిల్ల నాలుగేళ్లదానిలా ఉంది. ఎనిమిది నిండినవాళ్లను ఒకటో తరగతిలో చేర్చుకోవద్దని మా బడి మేనేజరు ఉత్తరవు. అంటే ఇదే ఆఖరు.

"చెవి పట్టుకో అమ్మా" అన్నాను. పిల్ల దిక్కులు చూసింది. ఎలా పట్టుకోవాలో నేను చూపించబోతే, నా చెయ్యి తగిలి నా తలపాగానే కింద పడింది. పిల్లలంతా గొల్లుమన్నారు. వరమ్మ నవ్వలేదు. తలపాగా కేసి చూసింది, నా చెవి కేసి చూసింది. తరవాత చెయ్యి నెత్తి మీద పెట్టి, తలను పూర్తిగా కుడిభుజం మీదికి వంచేసి, చెవి పట్టేసుకుంది.

"తల వంచకూడదు!" అన్నాను.

"వంచకూడదని తమరు ముందు చెప్పలేదు గదండీ" అంది మణెమ్మ.

ఊడిన తలపాగా కోపం ఎక్కడికి పోతుంది? "మణెమ్మా, ఎందుకొచ్చిన శ్రమ? నిలకడగా ఒక్క నిమిషం నిలబడదు. మూడేళ్లొచ్చినా మాట్లాడలేదట. దీని బుద్ధి కూడా ఒంటితోపాటే ఆగిపోయింది. ఇంటి దగ్గర వలపని నేర్పుకో" అనేశాను.

"వల లాగడానికి దీని చేతులు చాలవండీ. ఊడ్పులకి నడుం చాలదు. అక్షరమైతే చాలుతుందేమోనని వచ్చానండీ" అని, పిల్లను చంకనేసుకుని వెళ్లిపోయింది.

మర్నాడు నేను బడి తలుపులు తీస్తుంటే మణెమ్మ పిల్లతో, బుట్టతో మెట్ల మీద కూర్చుని ఉంది. బుట్టలో చుట్టలు చుట్టిన వలతాడు.

"ఇది దీని తాడండీ. ఆదివారం గుడి నుంచి రాగానే ఒక ముడి. క్రిస్మస్ నుంచి మొదలెట్టాను, యేసమ్మత్త చెప్పినట్టు. తమరు చూసి, ఆగిపోయిందో లేదో చెప్పండి."

ముడుల మధ్య అక్కడక్కడా రంగుదారాలు కట్టి ఉన్నాయి. ఎర్రదారం ఒంటితో నేర్చిన పనికి. నీలందారం మాటకు. పసుపుదారం, ఎవరూ నేర్పకుండా తనంత తాను కనిపెట్టినదానికి. నేను లెక్కపెట్టడం మొదలెట్టాను. నూట ఎనభై దగ్గర తుమ్మి తప్పాను. మళ్లీ మొదలెట్టి మళ్లీ తప్పాను. "మూడొందల తొంభయ్యండీ" అంది ఆమె, నా పరువు కాపాడటానికి అటు తిరిగి.

తాడు మొదట్లో దాదాపు ఖాళీ. అరవయ్యో ముడి దగ్గర ఒక ఎరుపు, కూర్చుంది. నూట పదో ముడి దగ్గర మరొకటి, నడిచింది. మొదటి నీలం నూట అరవై దాటాక గాని రాలేదు. అంతదాకా ఆ తల్లి ఆదివారం వెంట ఆదివారం దారం లేని ఉత్త ముడే వేసుకుంటూ వచ్చింది. ఆ పైన నీలం, నీలం, పసుపు. ఇంకా ముందుకు జరిపితే దారాలు ఒకదాన్నొకటి ఒరుసుకుంటున్నాయి. నా వేళ్ల కింద పిల్ల ఎదుగుతోంది.

"ఇదేమిటి?" అన్నాను ఒక పసుపు పట్టుకుని.

"ఆరో ఏడండీ. పడవ కనపడకముందే నాన్న వస్తున్నాడంది. ఎలా తెలిసిందే అంటే, అటుపక్క కిక్కిస గడ్డిలోంచి కొంగలు లేచాయి గదా అంది."

"ఈ చివరిది? ముడి కూడా పడలేదే?"

మణెమ్మ కాస్త సంకోచించింది. "అది నిన్నటిదండీ. ముడి ఆదివారం పడుతుంది. తల వంచడం."

నేను మోసమనుకున్నదానికి ఆమె పసుపుదారం కట్టింది. తల దించుకోవడం నా వంతయింది. ట్రెయినింగులో పిల్లల మనస్తత్వం గురించి లావుపాటి పుస్తకం ఒకటి బట్టీపట్టి ప్యాసయినవాణ్ణి. ఎనిమిదేళ్ల సర్వీసులో ఏ ఒక్క పిల్లనీ ఇలా చూడలేదు.

"దాచనండీ. బొత్తాం పెట్టుకోవడం ఇంకా రాలేదు. కుదురుగా కూర్చోవడమూ రాలేదు. వాటికి దారాలు కొని ఉంచాను" అంది ఆమె.

రిజిస్టరు తీశాను. వరమ్మ, తండ్రి యోసేపు. పుట్టిన తేదీ గడి దగ్గర కలం ఆగింది.

"తాడు క్రిస్మస్ నుంచి కదా. క్రిస్మస్ అని రాయనా?"

"వద్దండీ!" అంది గబుక్కున. "తాడు నా కోసమండీ, పిల్లను తొందరపెట్టకుండా ఉండటానికి. తమరి పుస్తకంలో అక్టోబరే రాయండి. ఆ రెండు నెలలూ అది ఊరికే లేదండీ. బతికింది."

అక్టోబరనే రాశాను. ఎందుకో వెంటనే పేజీ తిప్పబుద్ధి కాలేదు. సిరా ఆరేదాకా దాన్నే చూస్తూ ఉండిపోయాను. తలెత్తేసరికి వరమ్మ మొదటి బల్ల కింద దూరి, మూడో బల్ల దగ్గర తేలి, నాలుగోదాని మీదికి ఎక్కుతోంది.