ఆ పేజీ నేను ముట్టను

మా ఊరి పేజీ రాసింది నేనే. ఎవరైనా రాయగల, ఎవరు రాసింది ఎవరైనా దిద్దగల ఆన్‌లైన్ విజ్ఞాన సర్వస్వం ఒకటుంది కదా, అందులో. శంషాబాద్ ఎయిర్‌పోర్టు పక్కన, మంఖాల్ దాటి లోపలికి పోతే వచ్చే చిన్న ఊరు మాది. విమానాల గురించి కుప్పలు కుప్పలుగా రాస్తారు గానీ, అవి ఎవరి నెత్తి మీది నుంచి పోతాయో ఆ ఊళ్ల గురించి ఒక్క ముక్క ఉండదు. నాకు ఒళ్లు మండింది. కూర్చుని రాశాను. బడి, చర్చి, బొడ్రాయి, కుంట, జొన్న చేలు, ఆ చేలలో ఇప్పుడు లేచిన వెంచర్లు, అన్నీ రాశాను.

నా కాపురం శంషాబాద్‌లో, ఉద్యోగం ఎయిర్‌పోర్టులో. సామాను దొరకని ప్రయాణికులు వచ్చి మొత్తుకునే కౌంటర్ నాది. అక్కడ మాకో పద్ధతుంది. మన వాళ్ల పెట్టె పోతే ఆ ఫిర్యాదు మనం చూడకూడదు, పక్క కుర్చీకి ఇచ్చేయాలి. విజ్ఞాన సర్వస్వంలోనూ అంతే. మన గురించీ మన వాళ్ల గురించీ ఉన్న చోట వ్యాసంలో చెయ్యి పెట్టకూడదు. చెప్పేది ఏమన్నా ఉంటే, చుట్టరికం ఇదీ అని బయటపెట్టి, వ్యాసం వెనక ఉండే చర్చా పేజీలో చెప్పుకోవాలి. దిద్దేది వేరేవాళ్లు. ఇందులో అర్థం కానిది ఏముందో నాకిప్పటికీ అర్థం కాదు.

మా అన్నది రియల్ ఎస్టేట్. ఊళ్లో వెంచర్ వేశాడు. దాని ప్రహరీ గోడ కుంటలోకి నీళ్లొచ్చే కాలువకు అడ్డంగా కట్టాడు. పేపర్లో వార్త వచ్చింది. ఎవరో ఆ వార్తను చూపించి మా ఊరి పేజీలో ఎక్కించారు. అన్న పేరు పెట్టి మరీ, కుంట మొత్తం పూడ్చేశాడని రాశారు. పేపర్లో ఆ మాట లేదు. కుంట పూడలేదు.

అన్న ఫోన్ చేశాడు.

"ఏంది చెల్లె ఇది? ప్లాట్లు చూడొచ్చినోళ్లు ఫోన్ల చూపెడుతున్నరు. జర తీసెయ్యి."

"నేను తియ్యకూడదు, అన్నా."

"గా పేజీ రాసింది నువ్వే గదా?"

"రాసింది నేనే. గట్లని అది నాది గాదు."

"అబద్ధమని నీకు ఎర్కనే ఉన్నది."

ఎరుకే. ఒక్క నిమిషం పని. తీసేస్తే అడిగేవాడు కూడా ఉండకపోవచ్చు. అయినా చర్చా పేజీకి పోయి ఇలా రాశాను: "ఇక్కడ పేరున్న వ్యక్తి నా తోడబుట్టిన అన్న. ఆయన ఇంటి నుంచి ఒడిబియ్యం అందుకునే ఆడపడుచుని. కాబట్టి ఈ భాగం నేను ముట్టను. పేపర్లో ఉన్నది కాలువకు అడ్డంగా గోడ కట్టారని. కుంట పూడ్చారని లేదు. ఎవరైనా చదివి సరిచేయండి."

ఒకాయన వెంటనే దిగాడు. అన్నకు వకాల్తా పుచ్చుకొని వచ్చారా అని వెక్కిరించాడు. "అవును, అన్నే. అందుకే అడుగుతున్నాను, దిద్దడం లేదు" అని జవాబిచ్చాను. ఇంకొకరెవరో, నేనెన్నడూ చూడని మనిషి, వార్త తెరిచి చదివారు. పూడ్చిన మాట తీసేశారు. అన్న పేరూ తీసేశారు. గోడ మాత్రం ఉంచారు. గోడ నిజం కదా మరి.

అన్నకు అది చాలలేదు.

ఆ ఏడు నాకు ఒడిబియ్యం పోయాల్సిన ఏడు. మా దిక్కు ఆడపిల్లను పుట్టింటికి పిలిచి, పీట మీద కూర్చోబెట్టి, పసుపు కలిపిన బియ్యం, ఎండు కొబ్బరి కుడుకలు, ఖర్జూరాలు ఒడి నిండా పోసి పంపిస్తారు. నీకు పుట్టిల్లు ఉంది అని నలుగురిలో చెప్పడం అది. కొత్త చీర కట్టుకొని కూర్చున్నాను. వదిన దోసిలి నిండా బియ్యం తీసింది. ఎదురుగా కుర్చీలో కూర్చున్న అన్న చెయ్యి అడ్డం పెట్టాడు.

"జర ఆగు. చెల్లె, గా గోడ ముచ్చట గూడ తీసేస్తనని చెప్పు. ఇగ పోస్తరు."

వాకిట్లో ఆడవాళ్లందరూ నా వైపు తిరిగారు. వదిన దోసిలి అట్లాగే ఉంది. ఒడి పట్టుకొని కూర్చున్న మనిషిని అడగడం సులువని అనుకున్నట్టున్నాడు.

"గోడ నేను కట్టిన్నా అన్నా? నువ్వు కట్టినవ్. గోడ తీసెయ్, ముచ్చట అదే పోతది."

"గట్లయితే లే ఇగ."

లేచాను. ఖాళీ ఒడి దులుపుకొని గడప దాటాను. ఎవరూ ఆపలేదు. తుక్కుగూడ దాకా ఆటోలో ఏడ్చుకుంటూ వచ్చాను. సిగ్గేం లేదు చెప్పుకోవడానికి. పుట్టింటి గింజ లేకుండా తిరిగి రావడం ఎట్లా ఉంటుందో వచ్చిన ఆడదానికే తెలుస్తుంది.

ఇంటికి రాగానే చీర కూడా మార్చుకోకుండా కంప్యూటర్ తెరిచాను. గోడ కింద నీళ్లు పోయేటందుకు పైపులు వేస్తానని అన్న ఊరి ముందర మాటిచ్చి వెయ్యలేదు. ఏ పేపర్లోనూ రాని సంగతి అది, నాకు తెలుసు. రాయాలని వేళ్లు దురద పెట్టాయి. పేరుతో సహా రాసి పారేయాలనిపించింది. అప్పుడనిపించింది, ప్రేమ ఉన్నప్పుడు దిద్దకూడదన్నది నేనే కదా. ఇప్పుడు ఈ కోపం మాత్రం ఎక్కడి నుంచి వచ్చింది? పరాయి వాడి మీద ఇంత కోపం నాకెన్నడైనా వచ్చిందా? మూసేశాను.

సంగతి ఊరు దాటింది. వెక్కిరించిన పెద్దమనిషికి ఎట్లా తెలిసిందో తెలిసింది. చర్చా పేజీలో మళ్లీ రాశాడు. మీ అన్నతో మీకు మాటల్లేవట, ఒడిబియ్యం కూడా పోయలేదట, ఇంక మీకు ఏ బంధమూ లేనట్టే కదా, ఊరి సంగతులు మీకు బాగా తెలుసు, గోడ భాగం మీరే పెంచి రాయండి అన్నాడు.

ఊరి వాళ్లందరూ చదువుతారని తెలుసు. అన్న చదువుతాడనీ తెలుసు. కింద జవాబు రాసి సంతకం పెట్టాను.

"ఒడిబియ్యం పోయని మాట నిజం. అయినా ఆయన నా అన్నే. ముట్టను."