కోరుట్ల రోడ్డు మీద మరియమ్మ పొయ్యి

మా కాలేజీ స్టాఫ్ రూములో జగిత్యాల నుంచి వచ్చిన లెక్చరర్ ఒకాయన ఉన్నారు. సకల జనుల సమ్మె మొదలయ్యే ముందు ఒక మధ్యాహ్నం భోజనాల దగ్గర నేను నోరు జారాను. "మీ వైపు మిర్చి బజ్జీ తప్ప తినడానికి ఏముంటుందండీ?" అనేశాను. ఆయన కోప్పడలేదు. టిఫిన్ బాక్సు మూత పెట్టి, "మా దిక్కు ఎన్నిసార్లు అచ్చిన్రు మేడం?" అని మాత్రం అడిగారు. ఒక్కసారి కూడా వెళ్లలేదు. పుట్టింది విజయవాడ దగ్గర, పదకొండేళ్లుగా ఉంటున్నది హైదరాబాదులో, రెండేళ్లుగా ఈ బ్లాగులో రాస్తున్నది ఊరూరి తిండి గురించి. చూడని ఊరి తిండికి మార్కులు వేసినందుకు సిగ్గుపడ్డాను. వెళ్లి తీరాలనుకున్నాను. ఇంతలో సమ్మె వచ్చింది, బస్సులు ఆగిపోయాయి, కాలేజీకి తాళం పడింది. "ఈ గొడవలు తగ్గాక వెళ్లు, నీ యాస వింటే ఎవరేమంటారో" అని ఇంట్లో వాళ్లు ఆపబోయారు. హోటళ్లు మూసిన రోజుల్లో ఒక ఊరు ఏం తింటుందో చూడాలంటే ఇదే సమయం అని నేను వాదించి బయల్దేరాను.

జూబ్లీ బస్టాండు బయట షేరింగ్ కార్లు దొరుకుతున్నాయి. కరీంనగర్ మీదుగా జగిత్యాలకు మనిషికి నాలుగు వందలు, ఐదు గంటల ప్రయాణం. మర్నాడు పొద్దున్న ఆరింటికే లాడ్జి నుంచి ఊరి నడుమ ఉన్న క్లాక్ టవర్ దగ్గరికి నడిచాను. బంద్ రోజుల్లో తోపుడుబండ్లు తెల్లవారగానే వచ్చి ఎనిమిదింటికల్లా వెళ్లిపోతాయి. ఆలస్యంగా లేస్తే చాయ్ కూడా దొరకదు. ఉల్లిగడ్డ ముక్కలు చల్లి, నిమ్మకాయ పిండిన వేడి వేడి బొబ్బెర గుడాలు (ఉడికించిన అలసందలు) ఆకు దొన్నెలో పది రూపాయలు. పక్కనే ఒకావిడ మొక్కజొన్నలతో మక్క గారెలు వేస్తోంది. కొత్త మక్కలు వచ్చే కాలం కనుక లోపల గింజల తీపి, బయట పచ్చిమిర్చి ఘాటు. మిక్సీలో రుబ్బుతారా అని అడిగితే నవ్వింది. "మిక్సీల మెత్తగయితదక్కా. రోట్ల కచ్చాపచ్చ దంచితెనే గారె గారె తీరుగుంటది" అంది. నాలుగు తిని, మరో నాలుగు కట్టించుకున్నాను.

జగిత్యాల నుంచి కోరుట్లకు జీపులు తిరుగుతున్నాయి. పాతిక రూపాయలు, ముప్పావుగంట. ఎక్కిన దగ్గర్నుంచి లోపల అందరూ సమ్మె గురించే మాట్లాడుకుంటున్నారు. "కొంచెం జరుగుతారాండీ" అని నేను నోరు విప్పగానే మాటలు ఆగిపోయాయి. జరిగి చోటిచ్చారు. సమ్మె మాట మాత్రం కోరుట్ల దాకా మళ్లీ ఎత్తలేదు. దిగేటప్పుడు డ్రైవరు అంజయ్య, "ఎటు పోవాలె మేడం?" అని అడిగాడు. మంచి సర్వపిండి తినాలన్నాను. అతని మొహం విప్పారింది. "బస్టాండు ఎదురంగ మరియమ్మ కాడికి పోన్రి. పగటీలి రెండున్నరకు నేను సిరిసిల్ల దిక్కు పోతున్న, అస్తే ఎక్కిచ్చుకపోత" అన్నాడు.

మరియమ్మకు యాభై అయిదు దాటి ఉంటాయి. మెడలో నల్లదారానికి చిన్న సిలువ. సొంతూరు కథలాపూర్ దగ్గర పల్లె. సెంటు భూమి లేక, కూలి చాలక, పాతికేళ్ల కింద భర్తతో ఇక్కడికి వచ్చి ఈ పొయ్యి పెట్టుకుంది. భర్త పోయాడు, పొయ్యి ఉంది.

"ఎటు దిక్కుదానివి బిడ్డా?" అంది నా మాట వినగానే.

"విజయవాడ వైపమ్మా."

ఒక్క క్షణం నా మొహంలోకి చూసింది. "తిననచ్చినవా, లొల్లి జూడనచ్చినవా?"

"తినడానికే వచ్చాను."

"అయితే గిట్ల కూసో."

బియ్యప్పిండిలో నానిన శనగపప్పు, నువ్వులు, దంచిన పల్లీలు, ఎల్లిపాయ కారం, కరివేపాకు వేసి కలిపింది. గుండ్రని అడుగున్న సర్వ గిన్నెలో నూనె రాసి, పిండిని లోపలి గోడలకు అంటేలా పల్చగా ఒత్తింది. వేలితో బొక్కలు పెట్టి, వాటిలో నూనె చుక్కలు వేసి మూత పెట్టింది. ఒక్కోటి కాలడానికి పది నిమిషాలు. పదిహేను రూపాయలకు ఒకటి, ఇద్దరికి సరిపోతుంది. అంచు కరకర, నడుమ మెత్తన. నా చేతిలో మొదటి ముక్క ఉండగానే మోటారు సైకిల్ మీద ఒకాయన వచ్చి ఆగాడు. పేరు లక్ష్మీరాజం. ఆ రోజు బస్టాండు ముందు వంటావార్పు ఉంది. రోడ్డుకు అడ్డంగా పొయ్యిలు పెట్టి, వండుకుని, అక్కడే తినే నిరసన అది. ఏర్పాట్లన్నీ ఆయనవే.

"మరియక్కా, నీ పెద్ద గంజులు రెండియ్యి. బగారన్నం ఒండాలె."

"తీస్కపో అన్నా. నేను సుత అస్త, ఒండుత."

ఆయన చూపు తిప్పుకున్నాడు. "ఒండెటోల్లున్నరు. నువ్వు ఉల్లిగడ్డలు కోసిస్తే సాలు."

"ఉల్లిగడ్డలు కోసిన చెయ్యి పొయ్యికాడికి ఎందుకు రావద్దు?"

"నాకు పట్టింపు లేదక్కా. మీ వాడోల్లు ఒండితే కొందరు తినమంటున్నరు. గీ టైముల లొల్లెందుకు?"

అప్పుడు గానీ నాకు అర్థం కాలేదు. ఆమెది దళితవాడ.

"నీకు పట్టింపు లేదా? వారంల రెండుసార్లు పొట్లం గట్టిచ్చుకపోతవ్. గది ఎవరొండిన్రు?"

ఆయన బండి స్టార్ట్ చేశాడు. "అయితే గంజులియ్యవా?"

"గంజులొక్కటే రావు రాజన్నా. నేను అస్తెనే గంజులస్తయ్."

బండి వెళ్లిపోయింది. మరియమ్మ పిండిలో చేతులు పెట్టుకుని కూర్చుండిపోయింది. "పుట్టినకాడికెల్లి ఇదే మాట ఇనుకుంట అచ్చిన బిడ్డా. తెలంగాణ అచ్చినంక సుత ఇదే ఇనాల్నా?" అంది. తర్వాత లేచి పిండి తట్ట నెత్తిన పెట్టుకుంది. నేను ఒక సర్వ అందుకోబోతే, "కాలుతది, బట్టతోని పట్టు" అంది.

పన్నెండింటికి రోడ్డు నిండా జనం. పెద్ద పొయ్యిల మీద ఎక్కడినుంచో తెచ్చిన గంజుల్లో అన్నం ఉడుకుతోంది. వాటికి పది అడుగుల దూరంలో మరియమ్మ మూడు రాళ్లు పెట్టి నిప్పు రాజేసింది. "ఏందిది?" అని ఎవరో అన్నా తలెత్తలేదు. మొదటి సర్వపిండి దిగింది. ఎవరూ రాలేదు. నేను తిన్నాను గానీ, సాయంత్రానికి వెళ్లిపోయే పరాయిదాన్ని, నేను తినడం లెక్కలోకి రాదని నాకూ తెలుసు. రెండోది దిగి చల్లారిపోయింది. మూడోది ఒత్తుతుంటే ఉండబట్టలేక, "ఇంకా వేస్తారా అమ్మా?" అన్నాను.

"పిండి ఒడిసేదాక ఏస్త."

అయిదోది పొయ్యి మీద ఉండగా జీపు దూరంగా ఆపి అంజయ్య వచ్చాడు. చల్లారిన ముక్క తీసుకుని కింద కూర్చున్నాడు. అతన్ని చూసి బీడీలు చుట్టే ఆడవాళ్లు నలుగురు వచ్చారు. తర్వాత ఒక నడివయసు ఆవిడ కొంగు నడుముకు దోపుకుని పెద్ద పొయ్యి దగ్గర్నుంచి నేరుగా నడిచివచ్చింది. లక్ష్మీరాజం భార్య శారద అని అంజయ్య నా చెవిలో చెప్పాడు. "మరియక్కా, మాడిన అంచు నాకియ్యి. ఇంటికచ్చేటాల్లకు మెత్తగయితున్నది, ఇయ్యాలన్న కరకర తింట" అని మరియమ్మ పక్కనే చతికిలబడింది. గరిటె చేతిలో పట్టుకుని ఆమె భర్త చూస్తూ నిలబడ్డాడు. ఆయన రాలేదు. కొందరు పెద్దలు ఇటు తిరగకుండానే తిని లేచారు. కానీ వరుస పెరిగింది. పిండి అయిపోయింది.

రెండింటికి లక్ష్మీరాజం మైకులో మర్నాటి వంటవాళ్ల పేర్లు చదువుతుంటే మరియమ్మ చెయ్యి తుడుచుకుని వెళ్లి ఎదుట నిలబడింది. "నా పేరు సుత రాయి అన్నా. సర్వపిండి గాదు, అన్నం ఒండుత." లక్ష్మీరాజం చుట్టూ చూశాడు. ఒక ముసలాయన కండువా దులుపుకుని వెళ్లిపోయాడు. భార్య మాత్రం ఆయన్నే చూస్తోంది. ఆయన జేబులోంచి పెన్ను తీసి రాశాడు. మైకు దగ్గరికి వంగి, "మరియమ్మ" అని చదివాడు. చప్పట్లేమీ లేవు. ఆమె తిరిగి వచ్చి, ఖాళీ సర్వలు బోర్లించి, "రేపు జల్ది లేవాలె" అంది.

అంజయ్య జీపు కథలాపూర్, రుద్రంగి, వేములవాడల మీదుగా సిరిసిల్ల చేరేసరికి అయిదున్నర. దారిలో ఒకచోట రోడ్డు మీద దుంగలు అడ్డం పెట్టడంతో అరగంట ఆగాం. ఛార్జీ ఎనభై. సిరిసిల్లలో, బొంబాయి దగ్గరి భివండి మగ్గాల మీద పద్నాలుగేళ్లు పనిచేసి తిరిగొచ్చిన ఒక నేతన్న వడాపావ్ బండి పెట్టుకున్నాడు. లోపల రాసేది మాత్రం మన ఎల్లిపాయ కారమే. ఏ ఊరని అడిగితే ఈసారి గొంతు తగ్గించకుండా చెప్పాను. "మరి కారం మీకు అలవాటే గదా, ఇంకింత రాస్త" అన్నాడు. కళ్లలో నీళ్లు తిరిగేదాకా తిన్నాను.

రుచి గురించి రాయడం నాకు సులువు. ఈ రెండేళ్లలో ఒక వంట ఎవరి చేతిది, ఆ చేతిని ఎక్కడిదాకా రానిస్తారు అని నేను ఎన్నడూ అడగలేదు. ఆ రోజు కోరుట్లలో గెలుపు పూర్తిగా వచ్చిందని చెప్పలేను, లేచి వెళ్లిపోయినవాళ్లను కూడా చూశాను. అయినా ఒక కాగితం మీద ఒక పేరు చేరింది, దాన్ని ఆమె అడిగి మరీ రాయించుకుంది. సమ్మె రోజుల్లో ఇటు వచ్చేవారికి ఒక్క సలహా: వంటావార్పుల దగ్గర విస్తళ్లు ఎప్పుడూ చాలవు కాబట్టి సంచిలో ఒక స్టీలు పళ్లెం, గ్లాసు పెట్టుకోండి. పన్నెండున్నరకల్లా చేరుకోండి. ఏ వరుసలో చోటుంటే ఆ వరుసలో కూర్చుని పళ్లెం చాపండి, వండింది ఎవరని అడగకండి.