మాగ్నమ్ వదిలిన సాలిం బాబా

ఈ రోజు డ్యూటీ అయిపోతుందనగా సాలిం బాబా కూతురిని వెంటబెట్టుకుని, గల్ఫ్‌లో నేను నర్సుగా చేసే సమాయిల్ క్లినిక్‌కి వచ్చారు. దూరపు గురి పోటీల్లో రైఫిల్ కాల్చే మనిషి ఆయన. కాల్చిన ప్రతిసారీ తుపాకి వెనక్కి తన్ని, కుడి భుజం వంకాయ రంగులో కమిలిపోయింది.

రాబోయే పోటీకి ఏ కాలిబర్, అంటే ఏ సైజు తూటా రైఫిల్ తీసుకెళ్లాలన్నదే వాళ్ల తగువు. ఆయనది త్రీ హండ్రెడ్ మాగ్నమ్, గట్టిగా తన్నే రకం. కూతురు మరియంది చిన్న తూటా, సిక్స్ పాయింట్ ఫైవ్. భుజం మీద దెబ్బ తక్కువ, గురి కూడా బాగా నిలుస్తుందట. నేను మందు రాస్తుంటే ఇద్దరూ అరబీలోంచి హిందీలోకి మారి నన్ను మధ్యలోకి లాగారు.

“సిస్టర్, చిన్న తూటా పట్టుకెళ్తే ముసలోడైపోయాడంటారు,” అన్నారు బాబా.

“నిన్న ట్రిగ్గర్ నొక్కకముందే కళ్లు మూసుకున్నావు బాబా. నేను చూశాను,” అంది మరియం.

బాబా కమిలిన భుజాన్ని తడుముకున్నారు.

“దెబ్బ ముందే గుర్తొస్తోంది బిడ్డా. ఖలాస్, నీ రైఫిలే ఇవ్వు.”

మరియం గెలిచినట్టు నవ్వలేదు. తండ్రి చేతిని ఆయన వేసుకున్న దిష్‌దాషా, ఆ పొడవాటి అంగీ చేతిలోకి మెల్లగా దూర్చింది.

వాళ్లు వెళ్లగానే మా ఇన్‌ఛార్జి వచ్చి, “సునీతా, రేపు డబుల్ డ్యూటీ చేస్తావా?” అని అడిగారు. నడుము పట్టేసి నిలబడలేకపోతున్నా “సరే మేడమ్” అనేశాను.

ఇప్పుడు రూమ్‌లో నడుముకి బెల్టు బిగించుకుని పడుకున్నాను. ఇక నా వల్ల కాదని నోరు తెరిచి చెప్పగలిగినవాళ్లు మీలో ఉంటే, ఎలా చెప్పారో కాస్త రాయండి.