ఆమె చేలో మిరపకాయలు ఏరిన రోజు

రెండువేల తొమ్మిది మొదలైన రోజునే మేమిద్దరం ఒట్టేసుకున్నాం, ఈ ఏడు ఓపెన్ టెన్త్ పాసవ్వాల్సిందేనని. ఇద్దరమంటే నేనూ, పక్కింటామె. వరసకు ఒకరికొకరం వదినెలం. ములకలపల్లి అవతల అడవి అంచున మా ఊరు. ఊరికి అంగన్‌వాడీ వస్తుందని, టెన్త్ పాసైన ఊరి కోడలికే టీచర్ పోస్టని అప్పటికే అందరికీ తెలుసు. నాకా పోస్టు కావాలి. దాచేదేముంది, కడుపు మాడ్చుకునైనా కావాలి.

"కొత్త సంవత్సరం ముచ్చట్లు, వారం రోజుల్ల సల్లబడ్తయ్" అని నవ్వాడు మా ఆయన. నేను చల్లబడలేదు. ఎసరు కాగేలోపు ఒక లెక్క చేసేదాన్ని. సోషల్ పాఠం పేజీలు కొంగున ముడేసుకుని చేలో పైకే చదివేదాన్ని. తప్పుపోతే వదినె దిద్దేది.

పరీక్ష ఫీజు ఆఖరు తేదీ సరిగ్గా మిరప ఏరే రోజుల్లోనే వచ్చింది. కూలీలు దొరక్కపోతే మేం బదులుకు పోతాం. ఈ రోజు నీ పని నేను చేస్తే, రేపు నా పని నువ్వు చేయాలి.

"నువ్వు నా చేన్ల ఏరు వదినె. బదులు నేను కొత్తగూడెం పోయి ఇద్దరి ఫీజు కట్టొస్త" అంది ఆమె.

ఫారం, ఫొటోలు, పైసలు ఆమె చేతిలో పెట్టాను. ఆ రోజంతా ఆమె చేలో ఏరితే, అన్నం కలపలేనంతగా చేతులు మండాయి. సాయంత్రం బస్సు దిగి "కట్టిన" అంది. రశీదు అడగాలన్న బుద్ధి నాకు పుట్టలేదు. బదులుకు పోయిన మనిషిని మా ఊళ్లో ఎవరూ అనుమానించరు.

హాల్‌టికెట్ ఆమెకొక్కదానికే వచ్చింది. ఫీజు కట్టే స్టడీ సెంటర్‌కు పోతే నా పేరున ఫారమే రాలేదన్నారు. నేరుగా ఆమె వాకిట్లోకే పోయి అడిగాను. ఆమె బియ్యం చెరుగుతున్న చాట కూడా దించలేదు.

"ఉన్నది ఒక్క పోస్టు. ఇద్దరం పాసైతే నీకే ఇస్తరు. నువ్వు నాకంటె మంచిగ సదువుతవ్."

మెచ్చుకుంటూనే గొంతు కోసింది. పైగా నాకు చదువు మీద మనసు విరిగిందని ఊరంతా చెప్పిపెట్టింది. అందరూ నమ్మారు, మా ఆయనతో సహా. అది నన్ను ఇంకా ఎక్కువ కోసింది.

మరుసటి ఏడు నేనే పోయి ఫీజు కట్టుకుని పాసయ్యాను. పోస్టు అప్పటికే ఆమెకిచ్చేశారు. మూడేళ్లు నిండిన నా బిడ్డకు పలక మీద అక్షరాలు దిద్దించింది ఆమే.

ఇంటికొచ్చి బిడ్డ అడిగింది, "మా టీచరమ్మ మంచిది గదమ్మా?"

"అవ్ బిడ్డా" అన్నాను.