తాండూరులో బొమ్మకు మార్కులు వేయించిన రోజులు

మొన్న పొద్దున మా చెల్లెలితో వీడియో కాల్ మాట్లాడి పెట్టేయగానే, బొమ్మ ఎట్లా వచ్చింది, ఎన్ని స్టార్లు ఇస్తారు అని ఫోను అడిగింది. అది రోజూ అడుగుతుంది, నేను రోజూ చూడకుండా మూసేస్తాను. మొన్న మాత్రం మూసేయలేకపోయాను. ఒకప్పుడు జీతం తీసుకొని నేను చేసిన పని అదే కదా అనిపించి, అట్లాగే కూర్చుండిపోయాను.

వికారాబాద్‌లో కేబుల్ టీవీ వైర్లు లాగే పని తగ్గిపోయి, యాభైకి దగ్గరపడ్డ వయసులో ఏం చేయాలో తోచకుండా ఉన్న రోజులవి. ఫోన్లలో వీడియోలు చూడడం అప్పుడప్పుడే ఊళ్లకు వస్తున్నది. నెట్‌వర్క్ మీద వచ్చే బొమ్మ చూసేవాళ్ల కంటికి ఎట్లా ఉందో తెలుసుకోవాలని హైదరాబాద్‌లో ఒక చిన్న కంపెనీ నన్ను పెట్టుకుంది. యంత్రం తన లెక్క తాను వేసేది గానీ, మనిషి కన్ను ఏమంటుందో మనిషినే అడగాలి. అందుకని పొద్దున్నే రైలెక్కి తాండూరు పోయి, స్టేషను దగ్గర నాపరాళ్లు పరిచిన ఒక అద్దె గదిలో, పప్పు మిల్లుల్లో పనిచేసేవాళ్లను, పక్క ఊరు కరణ్‌కోట నుంచి వచ్చినవాళ్లను, బురఖాల్లో వచ్చిన అక్కాచెల్లెళ్లను ఒక్కొక్కరిగా కూర్చోబెట్టి, చిన్న చిన్న వీడియోలు చూపించి, ఒకటి నుంచి ఐదు దాకా మార్కులు వేయించేవాణ్ణి. సాయంత్రానికి నా కళ్లు మండేవి, అడిగిందే అడిగి నోరు ఎండిపోయేది.

ఒకరోజు ఒక టైలరు తన భార్యను వెంటబెట్టుకొని వచ్చాడు. ఆయన పుట్టు చెవిటి, మాట రాదు. అందరూ నాలుగు వేసిన వీడియోకు, బొమ్మ అద్దంలా ఉండి నడుమ నడుమ ఆగేదానికి, ఆయన ఒకటి వేశాడు. మసకమసకగా ఉన్నా ఆగకుండా నడిచేదానికి ఐదు వేశాడు. పొరపాటుపడ్డాడేమోనని మళ్లీ చూపించాను. మళ్లీ అవే వేశాడు. అప్పుడు ఆయన భార్య చెప్పింది, "తప్పేం కాదు సార్. మా బిడ్డకు గూడ చెవులు వినబడవు, హైదరాబాద్‌ల హాస్టల్‌ల ఉంటది. ఇద్దరు ఫోన్‌ల చేతులతోనే మాట్లాడుకుంటరు. చెయ్యి ఆగిందంటే మాట ఆగినట్టే గద."

అంతకాలం నేను బొమ్మ గురించే అడిగాను గానీ, ఆ బొమ్మతో ఎవరికేం పని అని అడగలేదు. ఆ సంగతంతా ఒక కాగితం మీద రాసి, మార్కులతో పాటు పైవాళ్లకు పంపాను. ఆ మనిషి మార్కులు మిగతావాళ్లతో కలవడం లేదు, తీసేసి పంపమని జవాబొచ్చింది. నేనొకసారి గట్టిగా అడిగి ఉండవలసింది. పని పోతుందనే భయమో, అలసటో, అడగలేదు. ఆయన మార్కులున్న వరుస మీద నా చేతితోనే గీత కొట్టాను.

కొన్నేళ్లకు ఆ పనీ పోయింది. ఆ తరువాత ఒక పెళ్లికని తాండూరు పోతే, బజారులో ఆయనే నన్ను గుర్తుపట్టి చెయ్యి పట్టుకొని దుకాణంలోకి తీసుకుపోయాడు. ఫోనులో బిడ్డ ఉంది. ఇద్దరి చేతులూ ఎక్కడా ఆగకుండా ఎంత వేగంగా కదులుతున్నాయో చూస్తూ నిలబడ్డాను. ఆయన నన్ను చూపించి, రెండు వేళ్లు కళ్లకు తాకించి, అరచేతిలో రాసినట్టు చేశాడు. మిషను దగ్గరున్న ఆయన భార్య నవ్వింది.

"మమ్ముల అడిగి రాసుకపోయిన సారు గీయన్నే అని బిడ్డకు చెప్తున్నడు. మీరు గప్పుడు రాసిన్రు గనుకనే ఇప్పుడు బొమ్మ ఆగుతలేదంట."

బిడ్డ ఫోనులోంచే నాకు దండం పెట్టింది. నేను కూడా చేతులు జోడించాను. గీత కొట్టిన సంగతి చెప్పకుండానే దుకాణం దిగి వచ్చేశాను.

తరువాత తాండూరు చాలాసార్లు పోయాను గానీ ఆ బజారు వైపు పోలేదు. బొమ్మ బాగుపడింది, నిజమే. ఎవరు బాగుచేశారో నాకు తెలియదు, నేను మాత్రం కాదు. ఇప్పుడు, నీకెందుకు నచ్చలేదని ఎదురుగా కూర్చొని అడిగే మనిషి ఎక్కడా లేడు. అట్లా అడిగిన కాలం ఒకటుండేది. అప్పుడు ఆ టైలరు చెప్పింది విన్నదీ నేనే, దాని మీద గీత కొట్టిందీ నేనే.